రోడ్డు పక్క భూమిని పదిహేనేళ్ల లీజుకు ఇమ్మంటున్నారు

ప్రశ్న: మేము ఎస్టీలం. అరకులోయ నుంచి చాపరాయికి వెళ్ళే రోడ్డును ఆనుకుని మాకు 60 సెంట్ల పట్టా భూమి, వెనుక కొండవాలులో కొద్దిగా కాఫీ తోట ఉన్నాయి. రోడ్డు ముఖాన రేకుల పాక వేసుకుని ఏడేళ్లుగా బొంగు చికెన్, టీ అమ్ముతున్నాను. విశాఖపట్నం నుంచి ఒకాయన (గిరిజనుడు కాదు) వచ్చి, ఆ 60 సెంట్లను పదిహేనేళ్లకు లీజుకిస్తే డేరాలు, కాటేజీలు వేస్తానని, ఏడాదికి లక్షన్నర అద్దె, ముందుగా మూడు లక్షల అడ్వాన్సు, డిగ్రీ చదివిన మా అబ్బాయికి మేనేజరు ఉద్యోగం ఇస్తానని అంటున్నారు. ‘కాగితాలన్నీ మీ పేరునే ఉంటాయి, మీకు భయమెందుకు’ అని ధైర్యం చెబుతున్నారు. మా ఆయన ఇప్పటికే 20 వేలు టోకెనుగా తీసుకున్నారు. మా ఆడపడుచు తన భూమిని పోయిన ఏడే ఇలాగే ఇచ్చేసింది. మాకు సీజను నాలుగు నెలలే. పక్కన కొత్త పాకలు వచ్చాయి. జనాన్ని తెచ్చే డ్రైవర్లు బిల్లులో నూటికి ఇరవై అడుగుతున్నారు. భూమి ఇవ్వమంటారా, వద్దంటారా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ‘కాగితాలన్నీ మీ పేరునే ఉంటాయి’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆయన ఆ మాట మీకు ధైర్యం చెప్పడానికే అని ఉండవచ్చు గాని, ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది అదే. అందుచేత జవాబు ముందే చెప్పేస్తాను: ఇవ్వవద్దు. ఎందుకు వద్దంటున్నానో, ఇవ్వకుండా మీరు ఎలా నెట్టుకురావచ్చో తరువాత వివరిస్తాను. ఎందుకంటే వద్దని చెప్పి ఊరుకుంటే, చేతికందే మూడు లక్షలు కాదనుకునే కష్టం మీది, సలహా ఇచ్చిన సుఖం నాది అవుతుంది.

మీ భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో ఉంది. ఇక్కడి భూమి గిరిజనుల చేయి దాటిపోకుండా 1917లోనే ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో గట్టిగా బిగించారు. మన ప్రాంతంలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే 1/70, అంటే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అదే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, అది గిరిజనులకో గిరిజనుల సహకార సంఘానికో అయితే తప్ప చెల్లదు. చాలామంది ‘మేము అమ్మడం లేదు కదా, లీజే కదా’ అనుకుంటారు. ఆ రెగ్యులేషన్‌లో బదలాయింపు అన్న మాటకు ఇచ్చిన అర్థంలో అమ్మకం, తనఖా, దానం, మార్పిడితో పాటు లీజు కూడా పేరుపెట్టి ఉంది. అంతటితో ఆగకుండా, ఆ ఆస్తికి సంబంధించిన మరే ఇతర వ్యవహారమైనా, ఒప్పందమైనా అందులోకి వస్తుందని రాశారు. కాబట్టి మీ దగ్గరకు వచ్చే కాగితం మీద లీజు అని ఉన్నా, భాగస్వామ్యం అని ఉన్నా, నిర్వహణ ఒప్పందం అని ఉన్నా, వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర పడినా, దాని తలరాత మారదు. ఈ రెగ్యులేషన్ చెల్లదని వాదించినవారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1988లో కోర్టు అది చెల్లుతుందనే చెప్పింది. 1997లో వచ్చిన సమత తీర్పు సంగతి మీ ఊరిలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. మీకు దగ్గరలోని బొర్రా, అనంతగిరి వైపు గనుల లీజుల మీద నడిచిన ఆ కేసులో, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వానికే లేని వీలు విశాఖపట్నం నుంచి కారులో వచ్చిన పెద్దమనిషికి ఎక్కడిది?

‘చెల్లని ఒప్పందమైతే మాకు నష్టమేముంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పొమ్మనవచ్చు కదా’ అని మీ ఆయన అనవచ్చు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. చెల్లని కాగితం వల్ల మీ హక్కు పోదు గాని, మీ భూమి మీ చేతిలో ఉండదు. ఇరవై, ముప్పై లక్షలు పెట్టి కాటేజీలు కట్టినవాడు చట్టం చెల్లదంటోందని చాప చుట్టుకుని పోడు. అతన్ని పంపించడానికి మీరే దరఖాస్తు పెట్టుకుని, వాయిదాలకు తిరగాలి. ఈలోగా కరెంటు మీటరు మీ పేరున, పంచాయతీ అనుమతి మీ పేరున, ఒకవేళ బ్యాంకు అప్పు తెస్తే అదీ మీ పేరున ఉంటాయి. రాత్రి చలిమంట నుంచి నిప్పు ఎగిరి డేరా అంటుకుని ఎవరికైనా ఏమైనా అయితే, పోలీసులు ముందుగా వెతికేది కాగితాల మీద ఉన్న యజమానిని.

నేను ఏజెన్సీలో బ్యాంకు ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక పెద్దాయన కౌంటరు దగ్గరకు వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి పట్టాదారు పాసుపుస్తకాన్ని, దానిలో నాలుగు మడతలు పెట్టిన కరెంటు బకాయి నోటీసును తీసి నా ముందు పెట్టాడు. ఆయన ఇంట్లో వెలిగేది రెండు బల్బులు. బకాయి మాత్రం వేలల్లో ఉంది. భూమి తీసుకున్నవాళ్లు రెండు సీజన్లు నడిపి, మూడో ఏడు వానల్లో మంచాలు, పరుపులు లారీకెక్కించుకుని వెళ్ళిపోయారు. మీటరు మాత్రం ఆయనకు మిగిలింది. ‘అంతా నా పేరునే ఉంటుందన్నారు బాబూ, నిజంగానే ఉంది’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. మీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర నేను ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక డబ్బు లెక్క చూద్దాం. మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి ఊహించి వేస్తున్నాను. మీరు మీ అంకెలు పెట్టి సరిచూసుకోండి. ఒక బొంగును 300 రూపాయలకు అమ్మితే కోడి, మసాలా, వెదురు, కట్టెలు, ఆకులు, సాయం చేసే పిల్లవాడి కూలి పోను 80 మిగులుతుందనుకుందాం. నాలుగు నెలల సీజనులో శని, ఆదివారాలు సుమారు 35 రోజులు, రోజుకు 20 బొంగుల చొప్పున 56 వేలు. మిగిలిన 85 రోజుల్లో రోజుకు అయిదే అమ్ముడైనా మరో 34 వేలు. టీతో సంబంధం లేకుండానే మొత్తం 90 వేలు అయింది. దీని పక్కన లక్షన్నర ఎక్కువగానే కనిపిస్తుంది. ఆ సంగతి మీ దగ్గర దాచను. అయితే లీజుకిస్తే రోడ్డు ముఖం పోతుంది, రోడ్డు ముఖంతో పాకా పోతుంది. అంటే లక్షన్నర వచ్చి 90 వేలు పోతాయి; మీకు అదనంగా మిగిలేది 60 వేలు. పైగా మూడు లక్షల అడ్వాన్సును అద్దెలో మినహాయించుకుంటే అది రెండేళ్ల అద్దె. పెళ్లికో, ఇంటి రేకులకో ఆ డబ్బు ఖర్చయిపోయాక, రెండేళ్ల పాటు పాకా ఉండదు, అద్దే ఉండదు. పదిహేనో ఏట కూడా అదే లక్షన్నర అయితే, అప్పటికి కోడి ధర ఎంత ఉంటుందో మీకే తెలుసు. ఆయన వైపు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి: పది డేరాలు, రాత్రికి 1,500 చొప్పున, ఏడాదిలో 60 రాత్రులే నిండినా తొమ్మిది లక్షలు. ఆయనకూ ఖర్చులుంటాయి, కాదనను. అయినా ఆ ఆదాయం పుట్టేది మీ రోడ్డు ముఖం మీదే.

మరొక మాట మీరు రాయలేదు గాని నేనే గుర్తు చేస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బొర్రా గుహలు మూతబడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి, విశాఖపట్నం నుంచి ఒక్క కారు కొండెక్కలేదు. ఆ నెలల్లో మీ వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో తలచుకోండి. హోటల్లో గదులు తుడిచే ఉద్యోగం మాత్రమే ఉన్నవారికీ, చోళ్లు (రాగులు) పండే చెక్క, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగ, నాలుగు కాఫీ మొక్కలు ఉన్నవారికీ ఎంత తేడా వచ్చిందో మీరు నాకంటే దగ్గరగా చూసి ఉంటారు. పర్యాటకుల మీద బతికే ఊరికి వానలు, కొండచరియలు, రైలు మార్గం మీద బండరాళ్లు పడడం, పైనుంచి వచ్చే ఏదో ఒక ఉత్తర్వు ఎప్పుడూ ఉండేవే. మీ కొండవాలు తోటను సీజనుతో సంబంధం లేని ఆదాయంగా కాపాడుకోండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆ పేరుకు బయట విలువ పెరిగింది. మీ పాకలో మాత్రం, క్షమించాలి, చాలా చోట్ల లాగానే ఇన్‌స్టంట్ పొడి కలిపిన కాఫీయే ఇస్తూ ఉండవచ్చు. మీ తోట గింజను మీరే వేయించి, దంచి, వడపోసి ఇవ్వడం మొదలుపెడితే, వచ్చినవారు కొండవైపు చూపించి ‘ఆ తోటదేనా’ అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగినవారు అరకప్పు తాగి వెళ్ళరు. పావుకిలో పొడి కొనుక్కుని వెళతారు.

డేరాలు వేయాలన్న ఆలోచన చెడ్డదని నేను అనడం లేదు. వేసేది మీరే కావాలంటున్నాను, అదీ చిన్నగా. నన్నడిగితే డేరాల కంటే ముందు ఒక మరుగుదొడ్డి కట్టించండి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఉదయం విశాఖపట్నంలో బయలుదేరిన కుటుంబం ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి మీ పాక దగ్గరకు చేరేసరికి, ఆ కారులోని ఆడవాళ్లు ముందుగా వెతికేది బొంగు చికెన్‌ను కాదు. తలుపుకు లోపలి గడియ సరిగ్గా పడాలి, చేతిసంచి తగిలించుకోవడానికి గోడకు ఒక మేకు ఉండాలి, బకెట్టు నిండుగా ఉండాలి, సబ్బు ఉండాలి, గంటకోసారి ఎవరో ఒకరు కడగాలి. ఇంత మాత్రం ఉన్న చోట కారు ఆగుతుంది. ఆగిన కారులోంచి దిగినవారు టీ తాగుతారు, పిల్లలు ఆకలంటారు, పొయ్యి మీద తిరుగుతున్న బొంగు కనిపిస్తుంది. అది కాలే ముప్పావుగంట సేపు వారు మీ ఆవరణలోనే ఉంటారు. పక్కన కొత్తగా వచ్చిన పాకలు బొంగు ధర పది రూపాయలు తగ్గించగలవు గాని, రోజుకు పదిసార్లు దొడ్డి కడిగే ఓపిక అన్నిటికీ ఉండదు. ధర తగ్గించే పోటీలోకి మీరు దిగవద్దు. బోర్డు మీద ధరలు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. తిన్న తరువాత బిల్లు చూసి ఉలిక్కిపడే అవసరం లేదన్న నమ్మకం వచ్చినవారికి పది రూపాయలు పెద్ద లెక్క కాదు.

డ్రైవర్ల సంగతి పైన వేసిన లెక్కలోనే ఉంది. 300 రూపాయల బొంగు మీద నూటికి ఇరవై అంటే 60. మీకు మిగిలే 80లో 60 అతనికి పోతే, మంట దగ్గర కళ్ళు మండించుకున్నందుకు మీకు దక్కేది ఇరవై. శాతం ఒప్పుకోవద్దు. అయితే డ్రైవర్లతో తగాదా కూడా వద్దు. వారూ ఈ సీజను మీద బతికేవారే, కారు వాయిదాలు కట్టుకునేవారే. మనుషులను తెచ్చిన డ్రైవరుకు భోజనం, టీ ఉచితం అని చెప్పండి. కాళ్లు చాపుకోవడానికి నీడలో ఒక నులకమంచం వేయండి. తెల్లవారుజామున బండి ఎక్కిన మనిషికి ఆ మంచం మీద అరగంట కునుకు ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు. మీ వీధిలోని పాకల వాళ్లంతా కూర్చుని, ఎవరమూ శాతం ఇవ్వమని ఒక మాట మీద నిలబడితే ఇంకా మంచిది. ఒక్కరు తప్పినా ఆ కట్టు తెగుతుందని కూడా తెలుసుకుని ఉండండి.

పెట్టుబడికి దారులు లేకపోలేదు. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు మీకు తెలిసినదే. ముద్ర పథకంలో ‘శిశు’ రుణం 50 వేల వరకు తనఖా లేకుండా ఇస్తారు. మరుగుదొడ్డికి, నీటి ట్యాంకుకు అది చాలావరకు సరిపోతుంది. గదుల విషయానికి వస్తే, 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన గిరిజన గ్రామాల పథకంలో హోమ్‌స్టేల కోసం ఒక భాగం ఉంది. అందులో ఇంటికి రెండు కొత్త గదులు కట్టుకోవడానికి 5 లక్షల వరకు, ఉన్న గదులు బాగు చేసుకోవడానికి 3 లక్షల వరకు సాయం ఇవ్వాలని పెట్టారు. దేశం మొత్తానికి వెయ్యి హోమ్‌స్టేలే కాబట్టి మీకు వస్తుందని ఆశపెట్టను. కాని పాడేరులోని ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయానికి మీ అబ్బాయిని పంపి, మీ గ్రామం ఆ జాబితాలో ఉందేమో అడిగించండి. మేనేజరు కావాలనుకుంటున్న కుర్రవాడికి మొదటి పని ఇదే అనుకుందాం. రెండో పని, ఫోను మ్యాపులో మీ పాక పేరు, ఫోటోలు, ధరలు ఎక్కించడం. మూడోది, తిండి దుకాణానికి కావలసిన ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చేయించడం. చిన్న దుకాణాలకు దాని రుసుము ఏడాదికి వంద రూపాయలే. టీ పొయ్యికి ఇంటి సిలిండరు వాడుతుంటే దాన్ని కూడా మార్పించండి. దుకాణంలో ఎర్ర సిలిండరు పట్టుబడితే ఒక సీజను లాభం దానికే పోతుంది. కొండల్లో సిగ్నలు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, క్యూఆర్ కోడ్ ఎంత అందంగా అంటించినా డబ్బాలో చిల్లర ఉంచుకోవడం మరువవద్దు. వేరొకరి రిసార్టులో మేనేజరు అన్న పేరు పెట్టుకుని బుకింగుల పుస్తకం రాయడం కంటే ఈ పనులు తక్కువవి కావని అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి. నెలకు ఇంత అని జీతంలా లెక్కగట్టి అతని చేతికి ఇవ్వండి కూడా. ఇంటి పని కదా అని ఊరికే చేయించుకుంటే, చదువుకున్న పిల్లవాడు రెండో సీజనుకు విశాఖపట్నం బస్సెక్కుతాడు.

మీ ఆడపడుచు విషయంలో తొందరపడకండి. ఆమె ఇచ్చిన లీజు చెల్లదన్నది నిజం. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకుంటే భూమి తిరిగి ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. వకీలు ఖర్చుకు కూడా భయపడనక్కరలేదు. ఎస్టీలకూ, ఆడవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే ఆ దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ‘నేను ఇవ్వలేదు, నువ్వు ఇచ్చి చెడిపోయావు’ అన్న ధోరణిలో ఈ సంగతి ఆమె చెవిన పడితే, రెండిళ్ల మధ్య పుట్టే దూరాన్ని ఏ కోర్టూ సరిచేయలేదు. ముందుగా కరెంటు మీటరు, అనుమతులు, అప్పులు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోమని మాత్రం చెప్పండి.

చివరిగా, మీరు ఈ వారమే చేయవలసిన పని ఆ టోకెను సంగతి. ఇరవై వేలు మీ ఇంట్లో ఉన్నంతకాలం ఆయన దృష్టిలో బేరం కుదిరినట్టే. డబ్బు చేతికి ఇవ్వకండి. బ్యాంకు ద్వారా ఆయన ఖాతాకే పంపండి. ఖాతా వివరాలు ఇవ్వకుండా దాటవేస్తే, సర్పంచి, వార్డు సభ్యుల ఎదుట ఇచ్చి, ‘భూమి విషయమై మా మధ్య ఎటువంటి ఒప్పందమూ లేదు, టోకెను వాపసు ముట్టింది’ అని రాయించి సంతకం తీసుకోండి. అప్పటివరకు తెల్లకాగితం మీద గాని, ఖాళీ స్టాంపు కాగితం మీద గాని మీరు, మీ ఆయన, మీ అబ్బాయి ఎవరూ వేలిముద్ర వేయవద్దు. పాసుపుస్తకం జిరాక్సు కూడా ఆయన చేతికి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, టోకెనుతో పాటు దాన్నీ వెనక్కి అడగండి. మాట్లాడడానికి మీ ఆయన మొహమాటపడితే మీరే మాట్లాడండి. పట్టా మీ ఇద్దరిలో ఎవరి పేరున ఉన్నా, ఏడేళ్లుగా ఆ రోడ్డు ముఖాన నిలబడి ఉన్నది మీరు.